నానమ్మ చేలో ఆగిన ఎరువు

ఎల్డోరెట్,
ఏప్రిల్ 5, శుక్రవారం

నానమ్మా,

ఈ పొద్దున మన పొలం ఊపిరి వదలడం కళ్ళారా చూశాను!

ల్యాబ్ తలుపు తీసేసరికి మా జెరోతిచ్ మేడమ్ అప్పటికే యంత్రం ముందు కూర్చుని ఉంది. "అకేయో, మీ నానమ్మగారి సీసాలే నడుస్తున్నాయి, తొందరగా రా" అంది. తెర మీద ఒక గీత చదునుగా పోతూ పోతూ ఒక్కచోట చిన్న గుట్టలా లేచింది. నువ్వు విత్తనంతోపాటు ఎరువు వేసిన వారంలో, నేను మట్టిలో దిగ్గొట్టి వచ్చిన పెట్టెల్లోంచి సిరంజితో లాగి సీసాల్లోకి ఎక్కించావే, ఆ గాలే అది. నేను నోరు తెరిచి నిలబడిపోయాను. మేడమ్ నవ్వి, "మూసుకో, ఇంకా చాలా ఉంది" అంది.

ఆ గుట్ట ఏమిటో చెప్తాను. ఎరువులోని నత్రజనిని మొక్క తాగగలిగినంత తాగుతుంది. మిగిలినదాన్ని తడిమట్టిలో కంటికి కనబడని జీవులు మార్చేసి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా పైకి వదులుతాయి. పళ్ళు పీకే డాక్టర్లు నొప్పి తెలియకుండా పీల్పించేది ఇదే. ఆకాశంలోకి చేరాక మాత్రం నూరేళ్ళకు పైగా దిగిరాదు. బొగ్గుపులుసు వాయువుకన్నా రెండువందల డెబ్బై రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. రెండువందల డెబ్బై, నానమ్మా! ఆ అంకె నా నోట్సులో మూడుసార్లు రాసుకున్నాను.

మన దగ్గర వేసేదే తక్కువ. దాన్ని ఇంకా తగ్గించమని చెప్పడానికి నాకు నోరు రాదు. వేసిన పిడికెడూ మొక్క నోట్లో పడాలి, గాల్లోకీ యాలా నదిలోకీ పోకూడదు. నా పరీక్షంతా ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద వానలు రాబోతున్నాయని వాతావరణ కేంద్రం చెప్తోంది. మొక్కలు ఎదిగాక రెండో విడతగా వేసే పైపాటు ఎరువు వేశాక కుంభవృష్టి కురిస్తే సగం కొట్టుకుపోతుంది, ఇంకొంత వాయువై ఎగిరిపోతుంది. కాబట్టి మొక్కజొన్న మోకాలెత్తు వచ్చినా సరే, నేను రోజు రాసి పంపేదాకా నీ చేలో ఒక్క గింజ ఎరువు కూడా వేయకు. కంచె అవతల ఒగాదో గారు ఎప్పటిలాగే వేసుకుంటారు. ఆయన చేలో మూడు పెట్టెలు, నీ చేలో మూడు. రెండూ పోల్చి చూస్తాం. మేం ఐదుగురం ఐదు ఊళ్ళలో ఇలా చేస్తున్నాం. ఎవరి లెక్క నిలబడితే వచ్చే ఏడు ఆ పద్ధతిని వాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తీసుకెళ్తారు.

నీ ఏడాది తిండి ఆ చేలోనే ఉందని తెలిసే అడుగుతున్నాను. ఆగుతావా?

గుట్టను చూసి గుండె ఇంకా దడదడలాడుతున్న
నీ అకేయో


యాలా ఒడ్డు,
ఏప్రిల్ 11, గురువారం

నా చిన్న సవతీ (మనలో నానమ్మ మనవరాలిని ముద్దుగా ఇలాగే కదా పిలుస్తుంది),

నీ ఉత్తరం, ఖాళీ సీసాల పెట్టె బస్సు కండక్టరు ఒక్యెరే తెచ్చి ఇచ్చాడు. "అమ్మా, ఈ సీసాల్లో ఏం పంపుతారు?" అని అడిగాడు. గాలి అన్నాను. "ఎల్డోరెట్లో గాలి లేదా?" అన్నాడు. "ఉంది, కానీ అది చదువుకున్న గాలి, మా మనవరాలికి పల్లెటూరి గాలి కావాలి" అన్నాను. దారిపొడుగునా ఆ మాట అందరికీ చెప్పి నవ్వించి ఉంటాడు.

దూడలకి సూదులేసిన చెయ్యి నాది. కానీ అప్పుడు మందు లోపలికి తోసేదాన్ని, ఇప్పుడు గాలి బయటికి లాగుతున్నాను. మీ అకుము పిన్ని వాచీ పట్టుకుని "పది నిమిషాలు అత్తయ్యా, ఇరవై అత్తయ్యా" అని అరుస్తుంది. పొలం పక్కన పోయేవాళ్ళు మాకు ప్రసవం చేయడం వచ్చేసిందనుకుంటున్నారు.

మంగళవారం ఒగాదో ఎరువు చల్లించాడు. చల్లేవాళ్ళు నడుస్తూనే కోళ్ళకి గింజలేసినట్టు విసిరారు. నిన్న సాయంత్రం వాన. అలాంటిలాంటి వాన కాదు, పక్కింట్లో మాట వినపడలేదు. ఇవాళ పొద్దున్నే రెండు చేలల్లోనూ గాలి పట్టి పంపుతున్నాను. మూతలు గట్టిగా బిగించాను.

నేను వేయను అన్నానంటే వేయను. ఇంట్లో అందరూ మాత్రం నా చేతికేసి చూస్తున్నారు. మీ చిన్న నానమ్మ త్రుఫేనా మూడుసార్లు వచ్చి, గోడకి ఆనించిన నా పార అక్కడే ఉందా లేదా అని చూసి వెళ్ళింది.

తిండి సరిగా తింటున్నావా? ఒమెన ఎండుచేపలు కొంచెం పెట్టాను. సీసాలకి వాసన పట్టకుండా విడిగా కట్టాను.

నీ పెద్ద సవతి
సలోమె అబూయ


ఎల్డోరెట్,
ఏప్రిల్ 13, శనివారం

నానమ్మా, నానమ్మా, నానమ్మా,

పదకొండు రెట్లు!

ఒగాదో గారి చేను గాలి గీత నిట్టనిలువుగా లేచి తెర పైఅంచుకు తగిలింది. మేడమ్ కొలబద్ద మార్చి మళ్ళీ చూడాల్సి వచ్చింది. అదే రోజు, అదే వానలో తడిసిన నీ చేలో గీత నిద్రపోతున్న పిల్లలా ఉంది. ఒకదాని కింద ఒకటి పెట్టి చూపిస్తే క్లాసంతా లేచి వచ్చింది. కపసబెత్ ఊరి నుంచి వచ్చిన కుర్రాడొకడు "మీ నానమ్మ సీసాల్లో గాలి నింపడం మర్చిపోయిందేమో" అన్నాడు. నేను వాడితో రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం వాడికి ఒమెన పెట్టాను, ఎందుకంటే చాలా ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం. ఇంట్లో అందరూ నీ చేతికేసి చూస్తున్నారా! ఎంత గర్వంగా ఉందో! చిన్న నానమ్మ మూడుసార్లు వచ్చిందంటే ఆమెకి కూడా ఈ పరీక్ష మీద ఆసక్తి పుట్టిందన్నమాట. ఆమెకీ సిరంజి పట్టడం నేర్పు. అపోందీ పెద్దమ్మకీ నేర్పు.

ఇంకో వారం ఆగాలి నానమ్మా. ఇంకా పెద్ద వాన ఉందట. నీలాంటివాళ్ళు నాకు దొరకడం నా అదృష్టమని మేడమ్ అంది. అవును అన్నాను.

ఈ రాత్రి నిద్ర పట్టదని ముందే తెలిసిన
అకేయో


యాలా ఒడ్డు,
ఏప్రిల్ 16, మంగళవారం

అకేయో,

సీసాలు పంపుతున్నాను. రెండు తక్కువ ఉన్నాయి. అకుము వాచీ పట్టుకోనంది. నేనొక్కదాన్నే సిరంజీ వాచీ చూసుకోలేకపోయాను.

అకుము చేను వాగు పక్కన ఇసక నేల, నీకు తెలుసు కదా. కింది ఆకులు చివర నుంచి పసుపు తిరుగుతున్నాయి. అపోందీ చేను ఇంకా ఫరవాలేదు. నిన్న నీళ్ళ దగ్గర త్రుఫేనా అంది: "అక్కా, నీ మనవరాలు గాలి కొలుస్తోంది, బాగుంది. మరి మా ఇళ్ళల్లో పిల్లలు గాలి తింటారా?" నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

నువ్వు ఇంకో వారం అన్నావు. సరే. నేను మాట ఇచ్చాను.

సిరంజి నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు.

సలోమె అబూయ


ఎల్డోరెట్,
ఏప్రిల్ 18, గురువారం

నానమ్మా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అకుము పిన్నికి నామీద కోపమెందుకు? సెలవుల్లో ఆమెకి జడలు వేసింది నేనే కదా.

నాకు ఒక్కటే అర్థం కావడం లేదు. ఆగమన్నది నీ చేనుని. నీ ఒక్క చేనుని! పిన్ని చేను నా పరీక్షలో లేదు, చిన్న నానమ్మది లేదు, పెద్దమ్మది లేదు. మొక్కలు పసుపు తిరుగుతుంటే వాళ్ళు ఎరువు వేసుకోవచ్చు కదా? ఎవరు వద్దన్నారు? వానలో పొలంలోకి దిగడానికి బద్ధకమేసి, నా పరీక్ష పేరు చెప్పుకుంటున్నారేమో అనిపిస్తోంది. ఇలా రాయకూడదేమో, కానీ నీకు కాక ఎవరికి రాస్తాను?

ఈ వారం గీతల్లో ఒగాదో గారి చేను మెల్లగా కిందికి దిగుతోంది. పోవాల్సింది పోయింది ఇక.

నొచ్చుకున్న
అకేయో


యాలా ఒడ్డు,
ఏప్రిల్ 20, శనివారం

ఓ నా సవతీ, నా తెలివైన, తెలివితక్కువ సవతీ,

నీ ఉత్తరాలు వస్తే నేను అందరికీ చదివి వినిపిస్తానని నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా. ఇవాళ మధ్యాహ్నం నలుగురం కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాం. కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాను. "బద్ధకమేసి" దగ్గర ఆగాల్సింది. కళ్ళు ముందే చూశాయి, నోరు ఆగలేదు.

త్రుఫేనా చేతిలో పల్లీలు కింద పోసేసింది. "అక్కా! మనం బద్ధకస్తులమట! నీ సవతి అంటోంది!"

"నేనా బద్ధకస్తురాలిని?" అంది అకుము. "బస్తా గుమ్మంలో పెట్టుకుని పన్నెండు రోజులైంది. కోళ్ళు దానిమీదెక్కి కూస్తున్నాయి. రానీ ఆ పిల్లని, జడలు నేను వేస్తాను, తల ఊడేలా!"

అప్పుడు అపోందీ మెల్లగా అంది: "అత్తయ్యా, ఆ పిల్లకి మన వరస ఎవరైనా చెప్పారా?"

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరూ చెప్పలేదు. మీ అమ్మానాన్నలు కిసుములో స్థిరపడ్డారు, వాళ్ళకి ఇక్కడ చేను లేదు. నీకు ఎలా తెలుస్తుంది? తెలుసనుకున్నాను. తప్పు నాదే.

విను. మన లోగిట్లో పెద్ద భార్య ముందు విత్తనం వేయాలి. తర్వాత రెండో భార్య, తర్వాత పెద్దకోడలు, తర్వాత చిన్నకోడలు. కలుపుకీ అంతే, కోతకీ అంతే. ఎరువు బస్తాలు మన ఊరికి వచ్చిన ఏడు మీ తాతయ్య దాన్నీ ఈ వరసలోనే చేర్చాడు. నేను పార ఎత్తకుండా వాళ్ళు ఎత్తితే నన్ను దాటి నడిచినట్టు. వాళ్ళు ఛస్తే అలా చేయరు. నేను చెయ్యమన్నా చేయరు. నువ్వు ఒక చేను ఆపాననుకున్నావు. నాలుగు చేలు ఆపావు.

ఇంకో సంగతి. పల్లీలు వదిలేసి అందరం ఒగాదో చేను చూడ్డానికి వెళ్ళాం. వాన నీళ్ళు పారిన కాలవలో పాచి పచ్చగా బలిసి ఉంది. మొక్కలు మాత్రం మన వాటికన్నా ఎత్తేం లేవు. త్రుఫేనా కాలవ చూసి, "ఎరువంతా ఇది తిన్నట్టుంది" అంది. అంటే నీ మాటలో నిజముందని వాళ్ళకీ అర్థమైంది. కానీ తిరిగి వస్తుంటే అకుము ఒక మాట అడిగింది. "మీ మనవరాలి యంత్రం ఒగాదో చేను గాలిని చూసింది. నా చేను ఆకలిని చూస్తుందా?"

ఇప్పుడు చెప్పు. మాట తప్పితే నీ పరీక్ష పోతుంది. ఆగితే అకుము చేను పోతుంది. నీ జవాబులో ఒక రోజు ఉండాలి. లేకపోతే శుక్రవారం పొద్దున నేను పార ఎత్తుతాను. నీ పెట్టెలు నీటిలో తేలినా సరే.

కోపం లేదు. త్రుఫేనాకి కొంచెం ఉంది.

నీ పెద్ద సవతి
సలోమె


ఎల్డోరెట్,
ఏప్రిల్ 22, సోమవారం

నానమ్మా, చిన్న నానమ్మా, అపోందీ పెద్దమ్మా, అకుము పిన్నీ,

ఈసారి నలుగురికీ కలిపే రాస్తున్నాను. ఎలాగూ చదివి వినిపిస్తారు కదా.

బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పేజీ నా దగ్గర ఉంటే చింపి మింగేసేదాన్ని. పన్నెండు రోజులు బస్తా గుమ్మంలో పెట్టుకుని ఒక్క మాట కూడా నాకు రాయని మిమ్మల్ని నేను అన్న మాటది. పిన్నీ, జడలు వేయి, ఊడితే ఊడనీ.

ఉత్తరం చేతిలో పట్టుకుని మేడమ్ గదికి పరిగెత్తాను. ఆమె కూర్చుని చదివింది. మళ్ళీ చదివింది. నన్ను తిడుతుందనుకున్నాను. "నాలుగు చేలు!" అని లేచి నిలబడింది. "అకేయో, మేము రైతు తర్వాత రైతు దగ్గరికి వెళ్ళి ఎరువు ఎప్పుడు వేయాలో చెప్తూ చెప్తూ అలిసిపోతాం. ఒకరు వింటారు, పక్కవారు వినరు. ఇక్కడ ఒక్క పెద్దావిడ ఆగితే లోగిలంతా ఆగింది! ఇది నువ్వు ముందే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి."

"తెలియలేదు మేడమ్" అన్నాను.

"తెలియనందుకే ఆ అమ్మాయి చేను పసుపు తిరిగింది. అది కూడా లెక్కలో రాయి" అంది.

రాశాను. పిన్నీ, నీకు మాత్రం నిజం చెప్పాలి. ఇప్పుడు వేసినా మొక్కలు తేరుకుంటాయని మేడమ్ అంటోంది, కానీ నీ చేలో దిగుబడి కొంచెం తగ్గొచ్చు. అది నావల్ల. యంత్రం నీ చేను ఆకలిని చూడలేదు. నేను చూడాల్సింది.

ఇక రోజు. గురువారం నుంచి నాలుగు రోజులు వాన తెరిపి ఇస్తుందట. నేల తడిగా ఉంటుంది, నీళ్ళు నిలవవు. అదే సరైన సమయం. చల్లొద్దు. ప్రతి మొక్కకీ జానెడు దూరంలో వేలంత లోతు గుంట తీసి, సోడా సీసా మూతకి సగం ఎరువు పోసి, మడమతో మట్టి కప్పేయండి. మిగతా సగం మూడు వారాల తర్వాత.

ఒకవేళ వాతావరణ కేంద్రం మాట తప్పి బుధవారమే మబ్బు విచ్చుకుంటే నాకోసం ఆగొద్దు. మొదలుపెట్టేయండి. నా లెక్క చెడితే చెడనీ.

గురువారం పొద్దుటి బస్సులో మేడమూ నేనూ వస్తున్నాం. కొత్తగా తొమ్మిది పెట్టెలు తెస్తున్నాం, మిగిలిన మూడు చేలకీ. మధ్యాహ్నానికి మీ దగ్గర ఉంటాం.

సిగ్గుతోనూ సంతోషంతోనూ కుదురుగా కూర్చోలేని
మీ అకేయో


యాలా ఒడ్డు,
ఏప్రిల్ 24, బుధవారం

నా సవతీ,

ఇది మీ బస్సు కిసుములో ఆగినప్పుడు నీకు అందించమని ఒక్యెరే చేతికి ఇస్తున్నాను. దారిలోనే చదువుకో.

నీ ఉత్తరం చదివి వినిపించాను. "మింగేసేదాన్ని" దగ్గర త్రుఫేనా నవ్వింది. ఆమె నవ్వితే ఇక గొడవ లేదు. అకుము మాత్రం నవ్వలేదు. "దిగుబడి తగ్గుతుందని రాసింది కదా. తగ్గదని రాసి ఉంటే ఆ పిల్లని నమ్మేదాన్ని కాదు" అని లేచి వెళ్ళి, బస్తా మూతి విప్పి, గడ్డకట్టిన ఎరువు రాయితో చితక్కొట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు అపోందీ వేళ్ళు లెక్కపెట్టింది. "అత్తయ్యా, మొక్కమొక్కకీ గుంట తీయాలంటే చేనుకి రెండు రోజులు. మీది రెండు, చిన్నత్తయ్యది రెండు. నాలుగు రోజుల తెరిపీ అక్కడికే సరి. నా వంతుకి మళ్ళీ వాన. అకుము వంతుకి ఇక మొక్కలే ఉండవు."

ఈ సంగతి నీ మేడమ్ లెక్కలో లేదు కదూ?

నేనే అన్నాను. "నేను ముందు మొదలుపెట్టాలన్నది వరస. నేను ముందు ముగించాలని మీ మామయ్య ఎప్పుడు చెప్పాడు?"

త్రుఫేనా ఆలోచించింది. "చెప్పలేదు. నీ మీద గౌరవం కొద్దీ ఆగేవాళ్ళం."

"ఆ గౌరవం ఈ ఏడు వేరేలా చూపించండి" అన్నాను.

"ఎలా అక్కా?"

"చేతులతో."

నీ చెవిన వేయాల్సింది ఇంకొకటుంది. కంచె దగ్గర నిలబడి ఒగాదో పెళ్ళాం అంతా విన్నది. వాళ్ళకి ఇంకో బస్తా మిగిలిందట. రేపు తనూ వచ్చి చూడొచ్చా అని అడిగింది. చూడ్డానికైతే రావద్దు, పార తీసుకుని రా అన్నాను.

కాబట్టి ఇదీ ఏర్పాటు. రేపు పొద్దున మంచు ఆరకముందే నేను నా చేలో ఒక్క గుంట తీసి, ఒక్క మొక్కకి ఎరువు పెట్టి, మడమతో కప్పుతాను. నా వెనకే త్రుఫేనా తన చేలో ఒకటి, ఆమె వెనక అపోందీ ఒకటి. వరస అక్కడికి పూర్తి. తర్వాత నలుగురం, ఒగాదో పెళ్ళాంతో కలిపి ఐదుగురం, నేరుగా అకుము చేలోకి దిగుతాం. అది అయ్యాకే మా చేలు. మీరు బస్సు దిగి ఇంటికి రావద్దు. పెట్టెలు ఎత్తుకుని తిన్నగా వాగు పక్కకి రండి. మేడమ్‌కి కూడా ఒక పార తీసి ఉంచుతాను.

రేపు అందరికన్నా ముందు లేవబోయే
నీ పెద్ద సవతి
సలోమె అబూయ